జట్టు విడిచిన గాయకుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోద్యమమును గూర్చి పలుకుటకు నాకంటె తగినవారు ఈ సభలో కలరు. వారు పలికిరి కూడ. కార్యదర్శిగారు నాకు విషయము నిర్ణయింపలేదు. "మీ యిష్టము వచ్చినది చెప్పుడు, ఇరువది నిమిషములు మించనీయకుడు" అని మాత్రము అనిరి. లెక్కలు వ్రాసి బ్రదుకువానికి రెండవ షరతు కష్టము కాదు, మొదటిదే కష్టము. ఆలోచింపగా, ఈ రెండు మాసములుగా మన ఊరిలో టీ కొట్టు మొదలు కాలువగట్టు వరకు దేనిని గూర్చి వాదములు జరుగుచున్నవో దానినే ఎత్తుకొనుట మేలని తోచినది. జట్టుగా పాడి పేరు తెచ్చుకొన్న గాయకుడు ఆ జట్టును విడిచి ఒంటరిగా పాడబోయినచో అతడు చేసినది ద్రోహమా, కాదా? ఇదియే నా విషయము.

ఈ ప్రశ్న మన ఊరిలో పుట్టినది కాదు. యువకులకు తెలిసిన పేరుతోనే మొదలుపెట్టుదును. రామ్ మిరియాల అను గాయకుడు 'చౌరస్తా' అను బృందమున పాడుచు జనులకు తెలిసెను. 2020 లో కరోనా వచ్చినపుడు జాగ్రత్తలు చెప్పుచు ఆ బృందము పాడిన పాట మన యిండ్లలో పిల్లలనోట కూడ వినబడినది. పిమ్మట అతడు చలనచిత్రములలో తన పేరుతో పాడసాగెను. 2021 లో 'జాతిరత్నాలు' చిత్రమున చిట్టి అను పిల్లను గూర్చిన పాట, 2022 లో 'డీజే టిల్లు' పేరిటి పాట, 2023 లో 'బలగం' చిత్రమునందలి పల్లెటూరి పాట అతడు పాడినవే. రెండవదానికి బాణీ కూడ అతనిదే. అతడు జట్టునుండి ఎట్లు వెడలెనో, ఏ మాటలు జరిగెనో మనకు పని లేదు. మన కుర్రవాండ్రు వాదములో అతని పేరు తెచ్చుచున్నారు గనుక నేనును తెచ్చితిని.

నేను పాత పుస్తకములు చదువుకొన్నవాడను. గురువునొద్ద కాదు, ఈ గ్రంథాలయపు అలమారలయొద్ద, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని. ఏ చిక్కు వచ్చినను పురాణమున దానికి పోలిక ఉన్నదేమో యని వెదకుట నాకు అలవాటైనది. ఈ చిక్కునకు దొరికిన పోలిక కుశలవులు. జట్టుగా పాడి లోకమును మెప్పించిన బాలురలో వారే మొదటివారు. వాల్మీకి వారికి కథ నేర్పి, శ్రుతిలయలు కుదిర్చి, శ్రీరాముని అశ్వమేధము జరుగుచోట పాడుడని పంపుచు, ధనమునకు ఆశపడవద్దని మరీ చెప్పెను. రాముడు పదునెనిమిది వేల సువర్ణముల నిప్పింపబోగా, ఫలమూలములు తిని బ్రదుకువారికి బంగారమేల యని ఆ పిల్లలు పుచ్చుకొనలేదు. లెక్కల గుమాస్తాగా నా అభిప్రాయము చెప్పుదును: ఆ జట్టున తగవు పుట్టకపోవుటకు సగము కారణము ఇదియే. జమ లేదు, ఖర్చు లేదు, పంపకము లేదు. పిమ్మట కుశుడు కుశావతికిని, లవుడు శ్రావస్తికిని ప్రభువులైరి. వారిలో ఎవడైన తన నగరమున ఒంటరిగా కూర్చుండి ఆ కథను పాడెనా? పాడినచో రెండవ గొంతు లేని వెలితి అతనికి తెలిసెనా? కవి చెప్పలేదు. ఎన్నిసార్లు చదివినను నేను ఆ చోట కొంతసేపు ఆగుదును.

ఇక మన పల్లెల సంగతి. ఈ సభలోని పెద్దలలో బుఱ్ఱకథ చూడనివారు ఉండరు. నడుమ కథకుడు తంబుర మీటుచు, అందెలు ఘల్లుమన ముందుకు వెనుకకు అడుగులు వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల గుమ్మెటలు పట్టిన వంతలు ఇద్దరు. ఒకడు నవ్వించును, ఒకడు లోకవ్యవహారము చెప్పును. షేక్ నాజర్ గారికి 1986 లో పద్మశ్రీ వచ్చినది. గౌరవము ఒక పేరున వచ్చినను కథ మాత్రము ముగ్గురు కలిసి చెప్పునదే. కథకుడు ఊపిరి పీల్చుకొను క్షణమును వంత నింపును. కథకునికి పదము తప్పినచో వంత ఒక ప్రశ్న వేసి, ఒక నవ్వు నవ్వించి, సభకు ఆ సంగతి తెలియనీయడు. ఇంతటి ఉపకారము చేయువాని పనిని మనము నిందగా మార్చుకొంటిమి. ఎవడైన అధికారి మాటకు తల ఊపినచో వంత పాడుచున్నాడందుము. వంతలకు ఇది అన్యాయము. వంతలు లేని బుఱ్ఱకథను ఒక్కసారి తలచుకొనుడు, తెలియును.

జట్టులో పాడువాడు పాడుటకంటె ముందు వినుట నేర్చును. తన గొంతు పెద్దదైనను ప్రక్కవాని గొంతు మునిగిపోకుండ తగ్గించుకొనుట నేర్చును. ఒంటరిగా పాడువానికి ఈ విద్య అక్కరలేదని కొందరు అనుకొందురు. నేనట్లు తలపను. ఒంటరివాడును తబలాను వినవలెను, వేణువును వినవలెను, ఎదుట కూర్చున్న జనుల దగ్గును కూడ వినవలెను.

ఇచ్చటికి దాపుననే కడియమున 1870 లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు జన్మించిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కూడి శతావధానములు చేసి, నాటకములు వ్రాసి, తిరుపతి వేంకటకవులను పేర ఆంధ్రదేశమంతట తిరిగిరి. వారి 'పాండవోద్యోగ విజయముల' పద్యములు రాగము తీసి పాడుట మన తాతల నాటి నుండి వచ్చుచున్నది. ఏ పద్యము ఎవరిదో తెలియకుండ ఇద్దరు ఒక పేరున వ్రాసిరి. తిరుపతిశాస్త్రిగారు 1920 లో గతించిరి. వేంకటశాస్త్రిగారు ఆ మీద ముప్పది యేండ్లు బ్రదికిరి. 1949 లో మదరాసు ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా గౌరవించినది. 1950 లో దివంగతులైరి. ఆ కాలమున తామొక్కరే వ్రాసిన వానికి కూడ జంటపేరే వేయుచు వచ్చిరి. లేని మిత్రునికి జీవితాంతము భాగమిచ్చిరి. నేను ఎన్నో పద్దులు వ్రాసితిని గాని ఇట్టి పద్దు చూడలేదు.

అయితే ఇక్కడ ఒక మాట మనవి చేయవలెను. అందరు ఇట్లే చేయవలెనని పట్టుబట్టుట న్యాయము కాదు. మృత్యువు విడదీసిన జంట వేరు, బ్రదుకుతెరువు విడదీసిన జట్టు వేరు. మొదటి దానిలో కన్నీరే గాని కోపము లేదు. రెండవ దానిలో కోపమునకు చోటున్నది. అందుచేత బ్రదికియున్న మిత్రుల కథ ఒకటి చెప్పుదును. ఇది నాకు మిక్కిలి ఇష్టమైనది గావున కొంచెము విస్తరించెదను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పేరు చెప్పనిదే ఆ కథ మొదలు కాదు. విజయనగరమున వారములు చేసికొని, మధుకరము ఎత్తి సంగీతము నేర్చిన ఆయన, 1942 ఉద్యమమున చెరసాలకు పోయి వచ్చి, 1944 నాటి 'సీతారామ జననము' చిత్రమున ఒక చిన్న వేషము వేసి బృందగానమున ఒక గొంతుగా పాడెను. ఆ గుంపులో ఆ గొంతును వేరుగా గుర్తించినవారు ఆనాడు ఎందరుందురు? అట్లు గుంపులో మొదలైన ఆయన ఇరువదేండ్లకు మదరాసులో తెలుగువారి సంస్థ జరిపిన పాటల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చుండెను. ఆ రోజులలో ఆ పోటీలందు మొదటి బహుమానము పొందిన యువకుడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము.

బాలుగారు 1946 జూన్ 4 న జన్మించిరి. తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పువారు. కుమారుని ఇంజనీరు చేయవలెనని కోరిక. కాని పోటీలలో సంగీత దర్శకుడు కోదండపాణిగారి చెవిని ఆ గొంతు పడినది. 1966 డిసెంబరు 15 న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రమునకు బాలుగారు మొదటి పాట పాడిరి. ఆ మొదటి పాట ఒంటరి పాట కాదు. సుశీలగారు, మన కాకినాడలో పుట్టిన పి. బి. శ్రీనివాస్ గారు, ఈలపాట రఘురామయ్యగారు కూడ అందులో పాడిరి. ఇరువదేండ్ల కుర్రవాడు అంతటి మువ్వురి నడుమ నిలువబడి తన భాగము వచ్చువరకు కాచుకొని యుండవలెను గదా!

సినిమాపాటలు పాడుచునే బాలుగారు కచేరీలకై ఒక చిన్న జట్టును నడిపిరి. అందరు యువకులే. హార్మోనియము మీద అనిరుద్ధ, తాళవాద్యములపై భాస్కర్, గిటారు పట్టి గంగై అమరన్, గిటారు పిమ్మట హార్మోనియము కూడ వాయించుచు ఇళయరాజా. ఈ ఇళయరాజా అప్పటికే ఒక జట్టులో పెరిగినవాడు. తమిళదేశపు పన్నైపురమున అన్న పావలర్ వరదరాజన్ నడపిన పాటల బృందముతో పదునాలుగేండ్ల ప్రాయము నుండి ఊరూర తిరిగి, 1968 లో మదరాసు చేరినవాడు. ఈ యువకులు ఊళ్లు తిరిగి వేదికలపై పాడిరి. ముందు నిలబడినది బాలుగారు. వెనుక కూర్చున్నది ఇళయరాజా. 1976 లో 'అన్నక్కిళి' అను తమిళచిత్రముతో ఇళయరాజా సంగీత దర్శకుడైనాడు. అప్పటినుండి వరుస మారినది. నిన్నటి వరకు ఎవని పాటకు తాను వాయించెనో వాడే నేడు తన బాణీకి పాడవలెను. జట్టు పోయినది, పని పోలేదు, చెలిమి పోలేదు.

ఇందులో నేను గమనించిన లెక్క ఒకటి కలదు. 1983 నాటి 'సాగర సంగమము' చిత్రమునకు ఉత్తమ గాయకుడుగా బాలుగారికిని, ఉత్తమ సంగీత దర్శకుడుగా ఇళయరాజాకును జాతీయ పురస్కారములు వచ్చినవి. మరల 1988 నాటి 'రుద్రవీణ' చిత్రమునకును సరిగా ఇట్లే ఇద్దరికిని వచ్చినవి. రెండును తెలుగు చిత్రములే. ఒక చిన్న జట్టు నుండి విడివడిన ఇద్దరు రెండుసార్లు ఒకే పనికి దేశములోని పెద్ద గౌరవము పొందుట నేను మరెక్కడను వినలేదు.

ఒంటరి గాయకుని తావు ఒక్కనాట ఏర్పడునది కాదు. బాలుగారి మొదటి తమిళపాట ఏ చిత్రమునకు పాడిరో ఆ చిత్రము విడుదలయే కాలేదు. 1969 లో గాని తమిళులకు ఆయన గొంతు తెలియలేదు. తొలి జాతీయ పురస్కారము 'శంకరాభరణము'నకు 1980 లో వచ్చినది. 1966 నుండి 1980 వరకు పదునాలుగేండ్లు, వనవాసమంత కాలము. అదియు చిత్రమే: పద్ధతిగా శాస్త్రీయసంగీతము అభ్యసింపని గాయకునికి శాస్త్రీయసంగీత ప్రధానమైన చిత్రముతో ఆ గౌరవము వచ్చినది. కోదండపాణిగారి ఋణమును ఆయన మరువలేదు. మదరాసులో తాను నెలకొల్పిన పాటల ముద్రణశాలకు ఆ గురువుగారి పేరే పెట్టిరి.

ఇక చెప్పక తప్పని భాగము. 2017 మార్చిలో బాలుగారు తమ గాన జీవితము ఏబదియేండ్లు నిండిన సందర్భమున అమెరికాలో కచేరీలు చేయుచుండగా, తన పాటలను అనుమతి లేక వేదికలపై పాడరాదని ఇళయరాజా న్యాయవాది ద్వారా నోటీసు పంపెను. దేశమంతట గగ్గోలైనది. స్నేహితుడు స్నేహితునికి నోటీసు పంపునా అని ఒకరు, హక్కు హక్కే కదా యని ఒకరు. బాలుగారు ఏమి చేసిరి? చట్టము అట్లున్నచో శిరసావహించెదనని చెప్పి ఆ కచేరీలలో ఆ పాటలు మాని, తక్కిన పాటలతో కార్యక్రమము నడిపిరి. ఎదురు నోటీసు పంపలేదు. రెండేండ్లకు, 2019 జూన్ 2 న, ఇళయరాజా జన్మదినమున మదరాసులో జరిగిన కచేరీలో ఇద్దరు మరల ఒకే వేదికపై నిలిచిరి. 2020 లో బాలుగారు ఆసుపత్రిలో నుండగా ఇళయరాజా పాత చెలిమిని తలచుకొని, త్వరగా లేచి రమ్మని పిలుచుచు వీడియో పంపెను. బాలుగారు రాలేదు. సెప్టెంబరు 25 న కాలధర్మము చెందిరి.

ఆ తగవులో ఎవరిది న్యాయము అని నన్ను అడిగినచో, కాగితము ప్రకారము చూడవలెనందును. మన దేశపు కాపీరైట్ చట్టము 1957 నాటిది, 2012 లో సవరింపబడినది. పాట వ్రాసిన కవికి ఒక హక్కు, బాణీ కట్టినవానికి ఒక హక్కు, పాడినవానికి తన ప్రదర్శనపై మరియొక హక్కు. మూడును మూడు పద్దులు. జనులు మాత్రము మూడింటిని కలిపి గాయకుని ఖాతాలోనే వ్రాయుదురు. 'బాలు పాట' అందురు గాని వేటూరివారి పాట అని ఎందరందురు? ముందు నిలబడినవానికి ముఖము కలదు. వెనుకవానికి పని మాత్రమే కలదు. వెనుకవాడు నోటీసు పంపుట మంచిదనను. పంపునంతటి నొప్పి అతనికి ఎక్కడినుండి వచ్చినదో మాత్రము నాకు తెలియును.

అన్ని కథలు ఇంత చక్కగ ముగియవు. 2010 లో ఇంగ్లండున ఒక టెలివిజన్ పోటీకి విడివిడిగా వచ్చిన ఐదుగురు కుర్రవాండ్రను ఒక జట్టుగా కూర్చి 'వన్ డైరెక్షన్' అని పేరు పెట్టిరి. లోకమంతట పిల్లలు వారికై వెఱ్ఱులెత్తిపోయిరి. 2015 లో జెయిన్ మలిక్ విడిచిపోయెను. 2016 నాటికి తక్కిన నలుగురు కూడ ఎవరి దారిని వారు పట్టిరి. వారిలో హ్యారీ స్టైల్స్ ఒంటరిగా పాడి 2023 లో గ్రామీ పురస్కారములయందు ఆ యేటి ఆల్బమునకిచ్చు పెద్ద బహుమానమందెను. లియామ్ పెయిన్ 2024 అక్టోబరులో అర్జెంటీనా దేశపు బ్యూనస్ ఐరిస్ నగరమున హోటలు బాల్కనీ నుండి పడి ముప్పదియొకటవ యేట మరణించెను. ఒకే జట్టు, ఒకే కీర్తి, ఒకే వయసు. హైదరాబాదు బస్సు ఎక్కిన ప్రతివాడు బాలుగారు కాడు. ఈ మాట నేను భయపెట్టుటకు చెప్పుట లేదు. బస్సు ఎక్కినవానికి తిరిగి దిగుటకు ఒక ఊరు ఉండవలెనని చెప్పుచున్నాను.

ఇప్పుడు మన ఊరికి వత్తును. పేర్లు చెప్పను, మీకందరికి తెలియును. ఏడేండ్ల క్రిందట ఆరుగురు పిల్లలు ఈ గ్రంథాలయపు వరండాలో, పఠనమందిరము మూసిన తరువాత, ఒక పాత హార్మోనియముతో పాడసాగిరి. దోమలు కుట్టుచున్నను కదలెడివారు కారు. పిమ్మట వినాయకచవితి పందిళ్ళు, పెండ్లిండ్లు, జనార్దనస్వామివారి కొండ దిగువన ఉత్సవములు. వచ్చిన రాబడి వారు మొదటినుండియు నాచేత చిట్టాలో వ్రాయించిరి. కీబోర్డు, రెండు మైకులు, రెండు స్పీకరు పెట్టెలు ఆ రాబడితో కొన్నవే. రెండు మాసముల క్రిందట ముందు నిలబడి పాడువాడు జట్టు విడిచి హైదరాబాదు వెళ్లెను. నాటినుండి ఐదుగురును అతనితో మాటలాడుట లేదు. ఈ ఉదయము సభాప్రారంభమున ప్రార్థన పాడవలసిన జట్టు పాడలేదు; కార్యదర్శిగారు ఫోనులో పాట పెట్టించిరి. మీరందరు గమనించితిరి. ఎవరును మాటలాడలేదు.

ఒక పెద్దమనిషి నాతో, "గోదావరియే మన ఊరివద్ద గౌతమి, వసిష్ఠలుగా చీలినది, మనుష్యులు చీలుట తప్పా?" అనెను. పోలిక చెవికి ఇంపుగానే ఉన్నది. కాని నదికి కీబోర్డు లేదు, పంచుకొనవలసిన స్పీకరు పెట్టెలు లేవు. కాటన్ దొర ఆనకట్ట కట్టి నీటిని కాలువలకు కొలిచి పంపిన తరువాతనే గదా ఆ చీలికవలన మన చేలకు మేలు కలిగినది. కొలత లేని చీలిక వరద. అందుచేత నేను కొలతను గూర్చియే చెప్పుదును.

వస్తువుల సంగతి సులభము. చిట్టా నా వద్ద ఉన్నది. ఐదుగురు వస్తువులు ఉంచుకొని, వాని నేటి వెలలో ఆరవ భాగము వెళ్లినవానికి ఈయవలెను. ఒకేసారి ఈయలేనిచో వాయిదాలు. జట్టు పేరు జట్టుదే. వెళ్లినవాడు తన పోస్టర్లపై దానిని వేసికొనరాదు. కాని తాను ఆ జట్టునుండి వచ్చితినని ఎక్కడ అడిగినను చెప్పవలెను. చిక్కెల్ల పాటలతోనే. అవి సినిమాపాటలు కావు. సుమారు ఇరువది పాటలు వారు స్వయముగా కట్టుకొన్నవి. మాటలు కీబోర్డు వాయించువాడు వ్రాసెను. బాణీలు వరండాలో ఆరుగురు కూర్చుండి, ఒకడు ఎత్తుకొనగా ఒకడు దిద్దగా కుదిరినవి. "మా పాటలు వాడు పాడరాదు" అని ఐదుగురు. "నా గొంతు లేక అవి ఎవనికి తెలియును?" అని అతడు. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు గనుకనే తగవు తెగుట లేదు.

నా సలహా యిది. మాటలు వ్రాసినవాని పేరు ప్రతి పాటకు చెప్పవలెను, అతడు ఎక్కడ పాడినను. బాణీ ఆరుగురిది, ఆరుగురిలో ఎవరైనను పాడవచ్చును. సినిమావారికి గాని కంపెనీవారికి గాని అమ్మవలసి వచ్చినచో ఆరు సంతకములు లేనిదే అమ్మరాదు. దీనిని కాగితముమీద ఇప్పుడే వ్రాసికొనవలెను, పేరు రాకముందే. పేరు వచ్చిన తరువాత వ్రాయు కాగితమునకు న్యాయవాదులు కావలెను.

ఆ కుర్రవాని తల్లి మొన్న మా యింటికి వచ్చినది. కుమారుని పక్షమున మాటలాడునని తలచితిని. ఆమె అన్న మాట ఆమె పలుకుబడిలోనే చెప్పుదును: "మావోడు ఎలాగోలా బతికేత్తాడండి బాబుగారూ. ఆళ్ళు అయిదుగురూ పాట మానేత్తారేమోనని నా బెంగండి. ఆళ్ళ మద్దెన నిలబడబట్టే కదండీ ఈడికి గొంతొచ్చింది." నేను చదివిన పుస్తకములలో ఈ మాటకు సాటి వచ్చు మాట వెదకుచునే ఉన్నాను.

చివరకు మనకు, అనగా వినువారికి, ఒక సంగతి చెప్పవలెను. ఆ కుర్రవాడు హైదరాబాదు నుండి తన మొదటి ఒంటరి పాట గత నెలలో పంపెను. టీ కొట్టువద్ద ఒక ఫోనులో పదిమంది చుట్టు మూగి విని, సగము పాట కాకముందే "ముందరిదే నయము" అని తీర్పు చెప్పిరి. ఆ పాటలో లోపములు కలవు. వంత ఊపిరి నింపు చోట అతడు ఇంకను తడబడుచున్నాడు. ఎవరో అందుకొందురని ఎదురుచూచి, ఎవరును అందుకొనక, తానే తొందరపడి అందుకొనుచున్నాడు. నేను మూడుసార్లు విన్నాను గనుక తెలిసినది. ఇది పోవుటకు కాలము పట్టును. ఇక మిగిలిన ఐదుగురిని గూర్చి "తల లేని మొండెము" అని ఇదే చోట ఒకరు అన్నారు. ఆ మాట వారి చెవిని పడినది. వారిలో సన్నని గొంతుతో వెనుక పాడు పిల్లవాడు ఒకడు కలడు. ఏడేండ్లుగా వాడు ఒక్క పాట కూడ ముందుకు వచ్చి పాడలేదు. అడిగినవారు లేరు.

కావున కార్యవర్గమునకు రెండు విన్నపములు. ఆ ఇరువది పాటలు వ్రాసియున్న నోటుపుస్తకము ప్రస్తుతము నా వద్ద ఉన్నది. ఉభయులును ఒకరి చేతికి ఒకరు ఈయనొల్లక నా వద్ద పెట్టిరి. దానిని గ్రంథాలయమునకు ఈయుటకు ఆరుగురును, వేరువేరుగా అడిగినను, ఒప్పుకొనిరి. దానికి ప్రవేశసంఖ్య వేసి, గ్రంథకర్తల గడిలో ఆరు పేర్లు అక్షరక్రమమున వ్రాసి, ఎవరు అడిగినను నకలు వ్రాసికొననీయవలెను. రెండవది, వరండాలోని దీపము రెండు మాసములుగా వెలుగుట లేదు. కరెంటు ఖర్చు నాలుగు రూపాయలు మిగిలినదని లెక్కలో కనబడుచున్నది. దానిని రేపటినుండి రాత్రి తొమ్మిది వరకు వెలిగింప ప్రార్థన.

నాకిచ్చిన కాలము అయినది.